అల్హోవ్కాలో రొట్టె ముట్టని వారం

యాద్విగకూ స్తెఫాకూ కలిపి ఒకటే వంటిల్లు. మా అల్హోవ్కా గాజు ఫ్యాక్టరీ క్వార్టర్లలో అందరి బతుకూ అంతే. రెండు కుటుంబాలకు ఒక పొయ్యి, ఒక కుళాయి, బోలెడన్ని తగవులు. తొట్లో ఉల్లిపొట్టు ఎవరు వదిలేశారు, ఎవరి గిన్నె ఎవరి బర్నర్ మీదికెక్కింది అని ఇద్దరూ ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. ఇద్దరికీ మొగుళ్లు లేరు. ఒకడు ఫ్యాక్టరీ పొగకు ఊపిరితిత్తులు పాడై పోయాడు, ఇంకొకడు వోడ్కా పుణ్యమా అని ఎటో పోయాడు. ఎవరి మొగుడు ఎక్కువ బాధ పెట్టాడన్న దాని మీద కూడా వాళ్లకు పేచీయే. ఆ పేచీల మధ్యే యాద్విగ కూతురు ఆలెస్యా, స్తెఫా కొడుకు కస్తూస్ ఒకే గిన్నె అడుగు గీక్కుని తింటూ పెరిగారు. పెరిగి ప్రేమించుకున్నారు. ఊరంతా తెలిశాక ఆఖర్న తల్లులకు తెలిసింది. అప్పటినుంచి ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటూ, పెళ్లిలో పంది మాంసం ఎవరు వండాలని కొత్త తగవు మొదలుపెట్టారు.

పెళ్లి బంగాళదుంపలు తవ్వడం అయ్యాక అనుకున్నారు. తవ్వడం అయింది. అక్టోబరులో ఒక శనివారం సాయంత్రం ఆలెస్యా షిఫ్టు దిగి, అడవికి అవతల ఉన్న అమ్మమ్మ ఊరికి బయల్దేరింది. బస్సు రాలేదని, రోడ్డు మీద ఒక్కతే నిలబడి ఉందని తోటి పిల్లలు చెప్పారు. ఆ తర్వాత ఆమెను ఎవరూ చూడలేదు. సోమవారం పుట్టగొడుగులు ఏరుకునే వాళ్లకు బిర్చి చెట్ల మధ్య కనిపించింది. ఆమె తలగుడ్డతోనే గొంతు బిగించారు. అంతకుముందు ఏడాది కూడా ఆ రోడ్డు పక్కనే ఒక అమ్మాయి అలాగే పోయింది.

జిల్లా పట్నం నుంచి మిలీషియా వాళ్లు, అంటే మా పోలీసులు, వచ్చి నాలుగు రోజులు తిరిగి కస్తూస్‌ను పట్టుకుపోయారు. శుక్రవారం డాన్సు దగ్గర ఆలెస్యాతో గొడవపడ్డాడట. చెంప మీద గీత ఉందట. గాజు ఫ్యాక్టరీలో చెంప మీద గీత లేని కుర్రాడెవడో వాళ్లు అడగలేదు. కస్తూస్ ఊది చేసిచ్చిన నీలం గాజుపూసల దండ ఆమె మెడలో కనబడకపోతే, వాడే ఏట్లో పారేశాడన్నారు. కొన్నాళ్లకు కస్తూస్ నేరం ఒప్పుకున్నాడని చెప్పారు. ఎలా ఒప్పించారో మా వాళ్లందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపలేదు. కోర్టు కాల్చి చంపమంది. మాస్కోకు పెట్టుకున్న క్షమాభిక్ష అర్జీకి జవాబు వచ్చేదాకా వాడిని మరణశిక్ష పడ్డవాళ్ల గదిలో పడేశారు.

యాద్విగ నమ్మింది. నమ్మకపోతే ఆ చలికాలం ఆమె బతికేది కాదేమో. కోర్టులో కస్తూస్ ఆమె వైపు చూసి "అత్తా" అన్నప్పుడు మొహం తిప్పుకుంది. ఆ రోజునుంచి ఆమె వంటింట్లో ఉంటే స్తెఫా అడుగుపెట్టేది కాదు. యాద్విగ వంట ముగించి తలుపేసుకున్నాక, దొంగలా వచ్చి ఇన్ని దుంపలు ఉడకేసుకునేది. పెట్టుకోవడానికి తగవు కూడా లేని వంటిల్లు ఎంత చల్లగా ఉంటుందో ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

ఫిబ్రవరిలో యాద్విగకు జ్వరం వచ్చి మంచాన పడింది. తలుపు బయట రోజూ ఒక గిన్నె ఉండేది, ఉడికించిన దుంపలు, పైన కాస్త మీగడ. మొదటి రోజు ఆ గిన్నెను కాలితో తోసేసింది. రెండోరోజూ తోసేసింది. మూడోరోజు ఆకలికి ఆగలేక ఏడుస్తూ తింది. గిన్నె కడిగి కుళాయి దగ్గర బోర్లించింది, అంతే. 

మార్చిలో, మంచు కరుగుతుండగా, పక్క ఊరు జరేచ నుంచి మా ఫ్యాక్టరీకి పనికొచ్చే తమారా అనే పిల్లను చంపేశారు. అదే అడవి, అలాగే తన తలగుడ్డతోనే. కస్తూస్ అప్పటికి జైల్లో ఉన్నాడు కదా అని స్తెఫా పట్నానికి పరిగెత్తింది. ఆ హత్య వేరు, ఈ హత్య వేరు, మొదటివాడిని చూసి ఇంకెవడో నేర్చుకున్నాడు, ఇంటికెళ్లు పెద్దమ్మా అన్నారు. కోర్టు తీర్పు చెప్పేశాక హంతకుడు మారడానికి మా దగ్గర వీల్లేదు.

అయితే భయం పట్టుకుంది. ఫ్యాక్టరీ మగాళ్లు చేతికి ఎర్రపట్టీలు కట్టుకుని వంతులవారీగా రోడ్డు మీద కాపలా కాశారు. వచ్చే కారునల్లా ఆపారు, లారీల్లో టార్పాలిన్లు ఎత్తి చూశారు. ఒకసారి పశువుల డాక్టరునే అరగంట నిలబెట్టారు. ఊళ్లో తల్లులంతా ఆడపిల్లలకు ఒకటే పాఠం చెప్పారు. ఆ కాపలాలో రొట్టె బండి తోలే మిరోన్ కూడా ఉండేవాడు. నలభై దాటిన మనిషి, తాగడు, తెల్ల కోటు మీద మరక ఉండదు. ముసలమ్మల సంచులు అందుకునేవాడు, ఏ ఇంట్లో పిల్లలకు కరకరలాడే అంచు ఇష్టమో గుర్తుపెట్టుకునేవాడు. పొద్దున పట్నం బేకరీనుంచి రొట్టెలు తెచ్చి, సాయంత్రం ఖాళీ ట్రేలతో వెనక్కి పోయేవాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర గౌరవ ఫలకం మీద అతని ఫోటో కూడా ఉంది.

ఏప్రిల్ చివర్లో రాదునిత్సా పండుగ వచ్చింది. ఆ రోజు మా వైపు ఎవరూ ఇంట్లో తినరు. సమాధుల దగ్గరికి వెళ్లి గుడ్డ పరిచి, రంగుగుడ్లు, తేనె కలిపిన గోధుమలు పెట్టుకుని, పోయినవాళ్లతో కలిసి తింటారు. పక్క సమాధివాళ్లతో పంచుకోకుండా తినడం తప్పు. యాద్విగ పక్కన, మట్టి ఇంకా గట్టిపడని సమాధి దగ్గర తమారా తల్లి అగాత కూర్చుంది. యాద్విగ ఒక గుడ్డు ఒలిచి సగం ఆమెకిచ్చింది.

"తిను చెల్లీ. తినకపోతే వాళ్లకీ అందదంటారు."

అగాత చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చుంది. "గుడ్డంటే ప్రాణం దానికి. పచ్చసొన నాకు పెట్టి తెల్లది తినేది. పిచ్చిది."

"మా దానికి అసలు తిండి ధ్యాసే ఉండేది కాదు. ముక్కు మీద కోపం తప్ప."

ఇద్దరూ కాసేపు నవ్వారు, తర్వాత కాసేపు ఏడ్చారు. అగాత ముక్కు తుడుచుకుని అంది. "ఎంత చెప్పానక్కా దానికి. ఎవరి కారూ ఎక్కొద్దే, తెలిసినవాడైనా సరే ఎక్కొద్దే అని రోజూ పోరేదాన్ని. చెప్పినమాట వినే పిల్ల. ఎవడి కారులోనూ ఎక్కేది కాదు."

"మరి ఫ్యాక్టరీనుంచి ఎలా వచ్చేది?"

"బస్సులో. బస్సు రాకపోతే రొట్టె బండి ఉందిగా."

యాద్విగ నోట్లోని గుడ్డు నోట్లోనే ఉండిపోయింది.

"ఆ రోజు బస్సు వచ్చిందా?" అని అడిగింది.

"లేదు. అదేగా మా ఖర్మ." అని అగాత యాద్విగ మొహం చూసింది. చూసి, తను ఏమందో తనే విన్నట్టు, చేతిలోని గుడ్డును మెల్లగా గుడ్డ మీద పెట్టేసింది. ఇద్దరూ ఆ పేరు ఎత్తలేదు. చుట్టూ జనం తింటున్నారు, ఎవరో ముసలాయన తాగి పాట అందుకున్నాడు.

యాద్విగ ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వంటింట్లో స్తెఫా బీట్‌రూట్ తరుగుతోంది. యాద్విగను చూడగానే కత్తీ బీట్‌రూటూ తీసుకుని తన గదిలోకి పోబోయింది.

"ఆగు వదినా," అంది యాద్విగ.

ఆరు నెలల తర్వాత ఆ పిలుపు విని స్తెఫా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"దానికి నేనే చెప్పాను," అంది యాద్విగ. "ఎవరి కారూ ఎక్కొద్దు, బస్సు రాకపోతే రొట్టె బండి కోసం ఆగు, మిరోన్ బాబాయి జాగ్రత్తగా దింపుతాడు అని. ముందటేడు ఆ పిల్ల పోయిందగ్గర్నుంచీ రోజూ చెప్పాను. అగాత కూడా కూతురికి అదే చెప్పింది. నేనే ఎక్కించాను వదినా. నా బిడ్డని నా నోటితోనే ఎక్కించాను."

స్తెఫాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె చేయవలసింది ఒకటే, వీధిలోకి పరిగెత్తి నా కొడుకు చేయలేదని అరవడం. యాద్విగ కూడా అదే అనుకుంది. స్తెఫా మాత్రం కత్తి బల్ల మీద పెట్టి, ఎర్రరసం కారుతున్న చేతులు ఎప్రాన్‌కు తుడుచుకుని వచ్చి యాద్విగను రెండు చేతులా పట్టుకుంది.

"నాకు కూతురుంటే నేనూ అదే చెప్పేదాన్ని," అంది. "ఊళ్లో ప్రతి తల్లీ అదే చెప్పింది. రొట్టె తెచ్చేవాడిని కాక ఇంకెవర్ని నమ్ముతాం?"

యాద్విగ ఆ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. చలికాలమంతా గడ్డకట్టిన ఏడుపు అది. స్తెఫా తన కొడుకు గురించి ఒక్కమాట ఎత్తకుండా ఆ ఏడుపు అయ్యేదాకా నిలబడింది. ఇలాంటి మనుషులుంటారని చెబితే పట్నంవాళ్లు నమ్మరు.

ఆ వెంటనే ఇద్దరూ జఖార్ దగ్గరికి వెళ్లారు. అల్హోవ్కాకు మిలీషియా అంటే అతనొక్కడే. మంచివాడే, తొందరగా చెమటలు పడతాయి.

"మిరోనా?" అన్నాడు జఖార్. "నిన్న సాయంత్రం నాతో కలిసి కాపలా కాశాడక్కా. నా దగ్గరే టీ తాగాడు."

"అతని బండిని ఎప్పుడైనా ఆపారా?" అని అడిగింది యాద్విగ.

జఖార్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "రొట్టె బండిని ఎవరాపుతారక్కా? రొట్టె ఆలస్యమైతే మీరే నన్ను చీరేస్తారు."

"అంటే ఆపలేదు."

"చూడక్కా, కేసు అయిపోయింది. తీర్పు అయిపోయింది. ఇప్పుడు నేను వెళ్లి ఇంకెవడో అంటే, ప్రాసిక్యూటరు తప్పు, జడ్జి తప్పు, అందరూ తప్పు అన్నట్టే. నా టోపీ ఊడుతుంది."

"ఊడితే ఊడనీ. నీ బట్టతల చూసి నాలుగు కోళ్లు నవ్వుతాయి. అక్కడ పిల్లాడి ప్రాణం పోతుంది," అంది యాద్విగ.

జఖార్ సాక్ష్యం ఏదైనా ఉంటే తెమ్మన్నాడు. ఇద్దరు తల్లులు పిల్లలకు చెప్పిన బుద్ధులు సాక్ష్యం కింద చెల్లవన్నాడు. అది నిజమే.

మర్నాడు పొద్దున కొట్టు ముందు ఎప్పట్లాగే క్యూ. యాద్విగ ఏమీ అనుకుని రాలేదు. రొట్టె కావాలి కాబట్టి వచ్చింది. మిరోన్ బండి వెనక తలుపు తీయగానే వేడి వాసన గుప్పుమంది. కొట్టులోకి ట్రేలు మోస్తూ, ముందున్నవాళ్లకు తనే అందిస్తున్నాడు, అతనికది అలవాటు. యాద్విగ వంతు వచ్చింది.

"తీసుకో అక్కా, అంచు బాగా కాలింది, నీకోసమే పక్కన పెట్టా."

యాద్విగ చేతులు లేవలేదు. యుద్ధంలో చెట్టు బెరడు పొడి చేసి కాల్చుకు తిన్న చేతులవి. కిందపడ్డ రొట్టె ముక్కను ముద్దుపెట్టుకుని తినే అలవాటు ఇంకా పోలేదు.

"మిరోన్," అంది, "ఆ శనివారం మా అమ్మాయి నీ బండి ఎక్కిందా?"

అతని మొహంలో ఏమీ మారలేదు. "లేదక్కా. ఆ శనివారం నేనసలు ఇటు రాలేదు. బండి చెడిపోయి షెడ్డులో ఉంది."

క్యూ కదలడం ఆగింది. పట్నంవాళ్లు అడిగి ఉంటే ఆ మాట చెల్లేది. మా ఆడవాళ్లు మొగుడి పుట్టినరోజు మర్చిపోతారు, రొట్టె రాని రోజు మర్చిపోరు. ఆ ఏడాదిలో అలాంటివి రెండే. ఒకటి జనవరి మంచు తుఫానుకు, ఒకటి ఎండాకాలంలో వంతెన మరమ్మతుకు.

వెనకనుంచి మలాన్యా అనే ముసలమ్మ కర్ర ఆనించుకుంటూ ముందుకొచ్చింది. "అదేంట్రా, ఆ శనివారం నాకు మాడిన రొట్టె అంటగట్టావుగా. నిన్ను తిట్టుకుంటూ ఇంటికెళ్లాను. సోమవారం ఆలెస్యా సంగతి తెలిసి, రొట్టెను తిట్టినందుకే ఇలా అయిందేమోనని భయపడి చచ్చాను."

"వేరే రోజేమో అవ్వా."

"నాకు కళ్లే పోయాయి, మతి పోలేదు," అంది మలాన్యా.

యాద్విగ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకొద్దు," అంది.

"నాకూ వద్దు," అంది ఆమె వెనకున్న స్తెఫా.

మలాన్యా ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. ఆ వెనకామె వద్దంది, ఆ వెనకామె కూడా. ఎవరూ అరవలేదు, ఎవరూ అతనిమీద చెయ్యి చేసుకోలేదు. క్యూ మొత్తం తిరిగి ఇళ్లకు పోయింది. మిరోన్ చేతిలో రొట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అగాతకు కబురెళ్లింది. మర్నాటినుంచి జరేచలో కూడా రొట్టె దిగలేదు. ఇళ్లలో దుంపలు ఉడకేసుకున్నారు, ఓట్స్ జావ కాచుకున్నారు. మగాళ్లు రెండురోజులు సణిగి, సంగతి విన్నాక ఊరుకున్నారు. కొట్లో అల్మారాల నిండా రొట్టెలు రాళ్లయిపోతుంటే కొట్టు మేనేజరమ్మ ఒకటే ఏడుపు. క్యూలో నిలబడటం మా దేశంలో మామూలే. రొట్టె ముందు నిలబడి వద్దనడాన్ని మాత్రం సమ్మె అంటారు, ఆ మాట పైదాకా పోతుంది. వారం తిరక్కుండా జిల్లా పార్టీ కార్యదర్శి నల్ల కారులో దిగాడు. ముగ్గురు ఆడపిల్లలు పోయినప్పుడు రాని మనిషి, రొట్టె పాచిపోతోందంటే వచ్చాడు.

"యుద్ధంలో ఈ రొట్టె కోసం జనం చచ్చారు, సిగ్గు లేదా?" అని కేకలేశాడు.

"ఆ చచ్చినవాళ్లలో మా తమ్ముళ్లున్నారు బాబూ," అంది యాద్విగ. "మాకు ఆకలేస్తోంది. ఆ బండిని నేల చెక్కలతో సహా విప్పి చూపించండి, ఇప్పుడే తింటాం."

చూపించకపోతే రొట్టె కదలదని అతనికి అర్థమైంది. రొట్టె కదలకపోతే తన కుర్చీ కదులుతుంది. రాష్ట్ర రాజధాని నుంచి కొత్త అధికారిని రప్పించారు. ట్రేల కింద నేల చెక్క ఎత్తగానే ఒక దువ్వెన, ఒక వెండి చెవిపోగు, రెండు తలగుడ్డలు, నీలం గాజుపూసల దండ దొరికాయి. జఖార్ ఆ దండను అరచేతిలో పెట్టుకుని తెచ్చి చూపించాడు. యాద్విగ దాన్ని ముట్టుకోలేదు, చూసి తలూపింది.

మిరోన్‌ను పట్టుకున్నప్పుడు అతను రోడ్డు పక్క కాపలా గుడిసెలో, చేతికి ఎర్రపట్టీతో, టీ చల్లార్చుకుంటున్నాడట. మరి రేపు బండి ఎవరు తోలతారు అని మాత్రం అడిగాడట. రెండురోజుల్లో అన్నీ చెప్పేశాడు, ఎవరూ కొట్టకుండానే. మా లెక్కలో లేని ఇంకో ఇద్దరి గురించి కూడా చెప్పాడు.

కస్తూస్ అర్జీని మాస్కోలో అప్పటికే కొట్టేశారు. ఆ కాగితం జైలుకు చేరేలోపు కొత్త అధికారి ఫోను చేరింది. తప్పు సరిదిద్దుకోవడానికి ప్రభుత్వానికి ఇంకో రెండు నెలలు కావలసి వచ్చింది. ఆ రెండు నెలలూ తల్లులిద్దరూ కలిసి పట్నం వెళ్లి, జైలు కిటికీ దగ్గర ఒకే సంచిలో తిండి ఇచ్చి వచ్చారు. సంచిలో ఏం పెట్టాలన్న దాని మీద దారి పొడుగునా పోట్లాడుకునేవాళ్లు.

జులైలో కస్తూస్ ఇంటికొచ్చాడు. ముందు పళ్లు నాలుగు లేవు. ఎవరైనా తలుపు తీస్తే, జైల్లోలాగే లేచి గోడవైపు తిరిగి నిలబడేవాడు. రెండురోజులు పడుకునే ఉన్నాడు. మూడోరోజు మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి కిటికీ పక్క స్టూలు మీద కూర్చున్నాడు. వాడు నమలలేడని యాద్విగ దుంపలు మెత్తగా తురిమి అట్లు పోస్తోంది. పిండిలో ఉప్పెక్కువైందని స్తెఫా పక్కనుంచి వంకలు పెడుతోంది. యాద్విగ ఒక అట్టు పళ్లెంలో వేసి, మీద పుల్ల మీగడ వేసి ఇచ్చింది. వాడు సగం తిని ఆగాడు.

"అత్తా, నువ్వు నమ్మావా?"

స్తెఫా కుళాయి కట్టేసింది. యాద్విగ కాదనవచ్చు. కాదంటే ఆ ఇంట్లో ఎవరూ తప్పుపట్టేవాళ్లు కారు.

"నమ్మాను నాన్నా," అంది యాద్విగ. "చలికాలమంతా నమ్మాను. నిన్ను తిట్టుకుంటూ పడుకునేదాన్ని, తిట్టుకుంటూ లేచేదాన్ని. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

వాడు పళ్లెంలోకే చూస్తూ తలూపాడు. కోపం లేదు ఆ మొహంలో.

"నేనూ నమ్మాను అత్తా," అన్నాడు. "వాళ్లు రోజూ చెప్పేవాళ్లు. ఎక్కడ ఆపానో, తనేమందో, నేనేం చేశానో. మొదట్లో కాదనేవాడిని. తర్వాత తర్వాత కళ్లు మూసుకుంటే అన్నీ కనిపించేవి. నా చేతులు కూడా కనిపించేవి. నేనే చేశానని ఏడ్చాను. ఇప్పుడు వాడు దొరికాడంటున్నారు, కాగితం ఇచ్చారు. కానీ పొద్దున్నే లేస్తే నా చేతులు చూసుకోవాలంటే భయమేస్తోంది." వాడు తలెత్తాడు. "నువ్వు చెప్పు. అమ్మ చెప్తే అమ్మ కాబట్టి చెప్తుంది. నువ్వు ఆలెస్యా అమ్మవి. నువ్వు చెప్తే నమ్ముతాను."

యాద్విగ గరిట పక్కన పెట్టి వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. వాడి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. గాజు కొలిమి దగ్గర కాలిన మచ్చలున్న చేతులు. వాటిని తిప్పి చూసి, ఒకదాని తర్వాత ఒకటి కళ్లకద్దుకుంది.

"నువ్వు కాదురా కస్తూస్," అంది.

"మళ్లీ చెప్పు."

"నువ్వు కాదు. నా బిడ్డని నువ్వు చంపలేదు."

"మళ్లీ."

పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది. స్తెఫా చప్పుడు చేయకుండా వెళ్లి దాన్ని తిరగేసి, మంట తగ్గించింది. యాద్విగ వాడు అడిగినన్నిసార్లూ చెప్పింది.